నీళ్లకంటే ముందు గిలక

బావి ఎలా ఉంటుందో ముందు చూపించమన్నాడు జమీందారు. బావులు తవ్వే పోలయ్య ఉత్త నేలమీద గట్టు పేర్చి, గిలక బిగించి చూపించాడు.

"భేష్! బావి అయిపోయింది. రేపే వియ్యాలవారిని పిలుస్తా. నీళ్లు రాలేదో, నిన్ను ఊళ్లోంచి వెళ్లగొడతా!"

"పెళ్లిచూపులనాడే ఉయ్యాల కట్టమంటే ఎలా దొరా? కావాలంటే చేద దించి చూడండి."

చేద ఠంగున నేలకు కొట్టుకుంది. జమీందారు వేసవిదాకా గడువిచ్చాడు.

పోలయ్య గట్టు విప్పేసి తవ్వాడు. నీళ్లు పడ్డాక కూడా గట్టు జోలికి పోలేదు.

వేసవిలో జమీందారు వచ్చి, గట్టులేని బావిని చూసి బురదగుంట అనుకున్నాడు. "ఇన్నాళ్లూ నిద్రపోయావట్రా?"

"సాయంత్రం ఓసారి దయచెయ్యండి దొరా."

సాయంత్రానికి గట్టు లేచింది, గిలక తిరిగింది.

"ఔరా! ఒక్కపూటలో బావి తవ్వేశాడు!" అంటూ జమీందారు శాలువా కప్పాడు.

"తమరి దయ దొరా," అని పోలయ్య శాలువా సర్దుకున్నాడు.