ఒక్క ముల్లుతో కట్టిన ఏదుపంది

ఇప్పలకోన అడవిలో దుప్పులున్నాయి, కుందేళ్ళున్నాయి, నెమళ్ళున్నాయి, అడవికోళ్ళున్నాయి. చెట్ల నిండా కొండముచ్చులు. కోనకి తూర్పున రాళ్ళగుట్ట. ఆ గుట్ట బొరియల్లో ఏదుపందులు కాపురం ఉండేవి. ఒంటినిండా పొడుగాటి ముళ్ళుంటాయే, అవే. అవి పొద్దువాలాక బయటికొచ్చి, తెల్లారకముందే ఇల్లు చేరతాయి. అందుకని కోనలో వాటిని దగ్గరగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి పిల్లలూ, కథంతా దీని మీదే నడుస్తుంది.

కోన మధ్యలో ఏటవాలుగా ఒక ఎర్రబండ ఉంది. సాయంత్రం ఎండ పడితే దాని మీద నీడలు బారెడు బారెడు సాగుతాయి. ఆ సంగతి గవర్రాజు అనే కొండముచ్చు కనిపెట్టాడు. బండకి ఎదురుగా కొమ్మ మీద కూర్చుని నీడలాట మొదలుపెట్టాడు. చేతులు కలిపితే కొంగ, విప్పితే గద్ద. ఇక అతని తోక సంగతి చెప్పక్కర్లేదు. పామంటే పాము, ఏనుగు తొండమంటే తొండం. మేత ముగియగానే అడవంతా బండ ముందు చేరేది.

కుందేలు తాయారుకి ఆ ఆటంటే ప్రాణం. పిల్లల్ని వెంటేసుకుని అందరికంటే ముందొచ్చి కూర్చునేది.

ఎంత మంచి ఆటైనా రోజూ అదే అయితే ఏం రుచి? ఒకనాడు దుప్పి అప్పన్న తాత ఆట మధ్యలో నోరంతా తెరిచి ఆవులించాడు. ఆ ఆవులింత గవర్రాజుకి గుచ్చుకుంది. "దుర్మార్గుడు లేని కథ ఉప్పులేని కూర" అనుకున్నాడు.

మర్నాడు మడుగు గట్టున అతనికి ఒక ముల్లు దొరికింది. నలుపు తెలుపు చారల ఏదుపంది ముల్లు, ఒకటంటే ఒకటి. ఆ ఒక్క ముల్లుతో గవర్రాజు ఏదుపందుల జాతినంతా ఊహించి కట్టేశాడు.

ఆ సాయంత్రం బండ మీదికి కొత్త నీడ వచ్చింది. వీపు నిండా ఈతాకుల ముళ్ళు, నోటి నిండా కోరలు. గవర్రాజు ఎండు రేలకాయలు గలగలలాడించాడు. నీడ వీపు విదిలించి ముళ్ళు బాణాల్లా విసిరింది. ఒక కుందేలుపిల్ల నీడని పట్టుకుని నమిలేసింది. పిల్లలు కెవ్వుమన్నారు. పెద్దలు ఒకరికొకరు దగ్గరగా జరిగారు. అప్పన్న తాత ఆవులించలేదు సరికదా, రెప్ప కూడా వెయ్యలేదు.

ఇంకేముంది, ఇక రోజూ అదే ఆట. అడవిలో ఎండుకాయ కదిలినా ఉలికిపాటే. "పడుకోకపోతే ఏదుపందికి ఇచ్చేస్తా" అని తల్లులు పిల్లల్ని బెదిరించేవారు. తాయారు కూడా అదే మాట అనేది.

ఎండాకాలం వచ్చింది. రాళ్ళగుట్ట మీది ఊట ఎండిపోయింది. ఒకరోజు పొద్దువాలే వేళ తాయారు మడుగుకి వెళ్ళింది. పొద వెనక గల... గల... అని చప్పుడు. ఆమె గట్టునే నక్కింది.

"ఎవరమ్మా అక్కడ?" అని పొద వెనక నుంచి గొంతు వచ్చింది. "నేను రాళ్ళగుట్ట అచ్చమ్మని. పిల్లలతో నీళ్ళకొచ్చాను."

వచ్చింది ఏదుపంది. దాని వెనకాలే ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇద్దరు పిల్లలు.

"ముళ్ళు విసరకు తల్లీ. ఇంట్లో పసివాళ్ళున్నారు" అంది తాయారు వెనక్కి జరుగుతూ.

"విసరడమేమిటే? నీ వెంట్రుకలు నువ్వు విసరగలవా? ఊడినప్పుడు ఊడతాయి, అంతే."

"మరి ఆ గలగల?"

"ఎవరింటికైనా వెళితే గుమ్మం ముందు దగ్గి లోపలికి పోమూ? మాకు అదే దగ్గు. నిదానంగా ఆడిస్తే, నేనిక్కడున్నాను చూసి నడవమని. గబగబా ఆడిస్తే, పెద్ద మెకం, ఏ పులో చిరుతో, వచ్చింది జాగ్రత్త అని. మా పిల్లలు నడక కంటే ముందు ఇదే నేర్చుకుంటారు."

"కుందేలు పిల్లల్ని తింటారంట కదా?"

అచ్చమ్మ తన పిల్లల వంక చూసి నవ్వింది. "దుంప దొరికితే చాలు, మాకు పండగే."

తాయారు ఆ రోజు తన పిల్లల్ని ఏదుపంది పేరు చెప్పకుండా నిద్రపుచ్చింది.

మర్నాడు ఈ సంగతి అందరికీ చెప్పింది. ఎవరు వింటారు? "నీ మొహం. బండ మీద కళ్ళారా చూశాం కదే" అన్నాడు అప్పన్న తాత.

"మనం చూసింది ఈతాకుల్ని తాతా."

"అచ్చమ్మ నీకేమైనా పెట్టిందేమిటి?" అని నెమళ్ళు పకపకా నవ్వాయి. నవ్వి ఊరుకోలేదు. ఏదుపందులు మడుగుకి వచ్చే దారికి, ఎర్రబండ పక్కనే, దుప్పుల చేత అడ్డంగా ముళ్ళకంప వేయించాయి. గుట్ట మీద ఇద్దరు పసిపిల్లలు నాలుక పిడచకట్టుకుపోయి ఉన్నారని తాయారుకి ఒక్కదానికే తెలుసు. ఆమె నేరుగా గవర్రాజు కొమ్మ కిందికి వెళ్ళింది.

"మామా, నువ్వు ఎప్పుడైనా ఏదుపందిని చూశావా?"

"ముల్లు చూశాను. చాలదా?"

"వాళ్ళనే ఎందుకు దుర్మార్గుల్ని చేశావు?"

గవర్రాజు తోక నిమురుకున్నాడు. "దుప్పిని చేస్తే అప్పన్న కొమ్ములతో మీదికొస్తాడు. నెమలిని చేస్తే ఈ చెట్టు కింద గోల. ఏదుపందులైతే ఆటకి రావు, అడగవు. ఇంటికెళ్ళు తాయారమ్మా, ఈ పూట ఆట అదిరిపోతుంది."

నిజంగానే ఆ పూట అడవంతా కదిలొచ్చింది. గవర్రాజు ముళ్ళ నీడని బండ మీదికి తెచ్చాడు. సరిగ్గా అప్పుడే కంప అవతల గలగలగల అని చప్పుడు మొదలైంది. అది రేలకాయల చప్పుడు కాదు.

పిల్లల దాహం చూడలేక అచ్చమ్మ కంప దాకా వచ్చింది. వచ్చేసరికి గాలిలో చిరుత వాసన తగిలింది. చిరుత ఆట చూసేవాళ్ళ వెనక, పడమటి బోదగడ్డిలో పొంచి ఉంది. అచ్చమ్మ ఒళ్ళంతా విదిలించి గబగబా ముళ్ళాడించింది.

"ఏదుపంది వచ్చేసింది, పడమటికి పరిగెత్తండి" అని అరిచాడు గవర్రాజు. అరిచి తానే ముందు కొమ్మ దిగి గడ్డివైపు ఉరికాడు. తాను కట్టిన కథని తానే నమ్మేశాడు, చూశారా.

గుంపు అటు తిరిగింది. తాయారు ఒక్కతే దారికి అడ్డంగా నిలబడింది. "అటు కాదు. చప్పుడు దగ్గరికి రండి. అది హెచ్చరిక." ఎవరూ వినలేదు. ఆమె తన పిల్లల్ని ముందు పెట్టుకుని గలగల వైపు పరిగెత్తింది. కన్నతల్లి పిల్లల్ని చావుకి ఎదురు తీసుకుపోదు కదా. అది చూసి అప్పన్న తాత అటు అడుగేశాడు. తాత వెనకాల గుంపంతా.

గడ్డిలోంచి చిరుత లేచింది. గవర్రాజు ఒక్క ఎగురు ఎగిరి చెట్టెక్కాడు గానీ, సగం తోక చిరుత నోట్లో ఉండిపోయింది. చిరుత అంతటితో ఆగక గుంపు మీదికి వచ్చింది.

అచ్చమ్మ కంపలో సందు కొరుక్కుని ఇవతలికి వచ్చి, దానికి వీపు తిప్పి నిలబడింది. ఒక్క ముల్లు విసరలేదు. నిలబడింది, అంతే. చిరుత పంజా చాచింది, పంజా నిండా ముళ్ళు దిగాయి. మూలుగుతూ కుంటుకుంటూ పోయింది.

తర్వాత అప్పన్న తాత వెళ్ళి తన కొమ్ములతోనే కంప తీసి పక్కన పారేశాడు. అచ్చమ్మ పిల్లలు మడుగులో మూతి పెట్టి ఎంతసేపు తాగారో.

తర్వాతి ఆటకి గవర్రాజు సగం తోకతో వచ్చాడు. పాము రాలేదు, తొండమూ రాలేదు. తల వంచుకుని, "ఇవాళ మీ కథ మీరే ఆడండమ్మా" అన్నాడు, పిల్లలతో ఆట చూడ్డానికి వచ్చిన అచ్చమ్మతో. పిల్లలిద్దరూ బండ ముందు నిలబడ్డారు. పెద్ద పెద్ద నీడలు పడ్డాయి. ఆ నీడలు దుంప తవ్వాయి, దుంప కోసం కొట్టుకున్నాయి, అమ్మ చేత చీవాట్లు తిన్నాయి. కథ అయిపోయింది.

అప్పన్న తాత గట్టిగా ఆవులించాడు. ఆవులించి సిగ్గుపడ్డాడు.

"ఫరవాలేదు తాతా" అంది తాయారు. "వాళ్ళూ మనలాంటివాళ్ళే అని తెలిశాక భయమెందుకుంటుంది, నిద్రే వస్తుంది."

నీతి: బండ మీది నీడైనా, తెర మీది బొమ్మైనా, దాన్ని చూసి ఒక జాతినంతా తూచకూడదు, ఎదురుగా వెళ్ళి పలకరించినవారికే నిజం తెలుస్తుంది.