లెక్కలోకి రాని పట్లు

రాజలింగు తూకం మిషన్ దిగి, దాన్ని కాలితో ఓ తోపు తోశాడు. తిండికి పాయింట్ల లెక్క మొదలుపెట్టి నెల గడిచింది. వీసమెత్తు తగ్గలేదు.

ఆదివారం జిల్లా కుస్తీ పోటీలు. డెబ్బైనాలుగు కిలోల తరగతికి వాళ్లు కుస్తీ నేర్చే తాలీంఖానా నుంచి ఒక్కరే వెళ్లాలి. రాజలింగా, జహంగీరా అన్నది హబీబ్ ఉస్తాద్ ఆ సాయంత్రమే తేల్చి పేరు పంపాలి. జహంగీర్ బరువుకి ఢోకా లేదు.

"ఈ పాయింట్ల లెక్కే దొంగలెక్క, ఉస్తాద్!" అని మండిపడ్డాడు రాజలింగు.

నిజానికి ఆ లెక్కేమంత కష్టమైంది కాదు. నూనె, చక్కెర ఉన్న తిండికి పాయింట్లు ఎక్కువ, కాయగూరలకు తక్కువ. రోజుకిన్ని అని ఒక హద్దు. అది దాటకపోతే ఒళ్లు తగ్గాలి. మరి రాజలింగు దాటితే కదా! దావత్‌కి పోయి, బిర్యానీ ముందు చేతులు కట్టుకుని కూర్చొచ్చిన మనిషి. ఇంత చేస్తే ఇదా ఫలితం?

"పొద్దున ఏం తిన్నవ్, బేటా?"

"రెండు ఇడ్లీలు. చట్నీ గూడ లెక్కేసిన."

"మరి మీసానికి ఆ పల్లీ పొట్టు?"

రాజలింగు మీసం తుడుచుకున్నాడు. "అమ్మ వేయిస్తుంటే నిలబడి పిడికెడు నోట్లేసుకున్న. పళ్లెంల పెట్టుకుని తిన్ననా ఏంది? ఇగ మా చెల్లె పిల్ల వదిలేసిన పూరీ ముక్కలు గూడ అడుగుతరా? అసొంటివి లెక్కల రావు, ఉస్తాద్."

ఉస్తాద్ జహంగీర్‌ని పిలిచి, ఇద్దరినీ ఎర్రమట్టి గోదాలోకి దింపాడు.

రాజలింగు కోపమంతా చేతుల్లోకి తెచ్చుకున్నాడు. చూస్తుండగానే జహంగీర్ వీపు నేలకు అంటించేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు.

"అది లెక్కల రాదు," అన్నాడు ఉస్తాద్.

రాజలింగు పళ్లు నూరుకుని మళ్లీ పట్టాడు. ఈసారి నడుం మీదుగా ఎత్తి పడేశాడు. పడ్డవాడు లేవకుండానే నవ్వాడు. "ఒప్పుకున్న భాయ్, ఇగ వదులు!"

"అదీ రాదు."

రాజలింగుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇదెక్కడి అన్యాయం, ఉస్తాద్? వాని వీపుకు మట్టి చూడుండ్రి! ఇంతమంది చూసిన్రు. పడ్డోడే ఒప్పుకున్నడు. మీరు లెక్కపెట్టకపోతే వాడు పడనట్టేనా?"

ఉస్తాద్ రాజలింగు మీసం వైపు చూశాడు.

జహంగీర్ వీపు మీదికి రాజలింగు చూపించిన వేలు చూపించినట్టే ఆగిపోయింది. రాజలింగు మరోసారి మీసం తుడుచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"జహంగీర్ పేరే పంపుండ్రి, ఉస్తాద్," అన్నాడు గొంతు తగ్గించి. "నేను లెక్కేసుకునేటివి ఇంకా శానా ఉన్నయి."