గవ్వ ముట్టని ముద్ద

చీరాల దగ్గర ఒక మగ్గాల వీధిలో, తనదనుకున్నదాని మీద ఇంకొకరి చెయ్యి పడితే ఓర్చుకోలేని అనసూయ అనే పిల్ల ఉండేది. ఆ పిల్ల ప్రాణమంతా గవ్వ మీదే. గవ్వ అంటే ఆమె పెంచుకుంటున్న తెల్ల కుక్క.

వీధిలో అందరికీ గవ్వ అంటే ముద్దే. ఒకరు గంజి పోసేవారు, ఇంకొకరు చద్దన్నం పెట్టేవారు. గవ్వ అందరి దగ్గరా తోక ఊపుకుంటూ తినేది. అది చూస్తే అనసూయకు ఒళ్లు మండేది. ఎవరేం పెట్టినా గవ్వ మూతి మీద చిన్న దెబ్బ వేసి, తర్వాత తన చేత్తో ముద్ద పెట్టేది. కొన్నాళ్లకు గవ్వ దారికొచ్చింది. ఎవరు పిలిచి పెట్టినా మొహం తిప్పేసుకునేది. అందరూ దాని విశ్వాసాన్ని మెచ్చుకుంటుంటే అనసూయ పొంగిపోయేది.

"నువ్వు ఇంట్లో లేని రోజున దాని గతేమిటే?" అంది నాయనమ్మ.

"నేనెక్కడికి పోతాను?" అంది అనసూయ.

వానాకాలంలో అనసూయకు టైఫాయిడ్ వచ్చింది. అమ్మా నాన్నా ఆమెను గుంటూరు ఆసుపత్రిలో చేర్చి అక్కడే ఉండిపోయారు. గవ్వ ఎలా ఉందని అడిగినప్పుడల్లా బాగానే ఉందని నాన్న చెప్పేవాడు.

తిరిగొచ్చేసరికి గవ్వ గుమ్మం పక్కన ఎముకల గూడులా పడి ఉంది. తోక మాత్రం కొంచెం కదిలింది.

"నీ గౌను భుజాన వేసుకుని కూడా పెట్టానమ్మా. వాసన చూసి మొహం తిప్పుకుంది," అని నాయనమ్మ కళ్లొత్తుకుంది.

అనసూయ పెరుగన్నం కలిపి పెట్టింది. గవ్వ ఆమె వేళ్లు నాకింది కాని, ముద్ద మింగలేకపోయింది. తెల్లారేసరికి చచ్చిపోయింది.

ఎంత విశ్వాసమో అని వీధంతా చెప్పుకుంది. అనసూయ మాత్రం నాయనమ్మ ఒళ్లో తల పెట్టుకుని, "అది విశ్వాసం కాదు నాయనమ్మా, నేను కొట్టి నేర్పింది," అని ఏడ్చింది.

చాలా రోజుల దాకా ఆ గుమ్మం వైపు చూడలేకపోయింది. ఏడాది తిరిగాక నాన్న ఒక కుక్కపిల్లను తెచ్చాడు. అనసూయ దాన్ని ఎత్తుకుని తిన్నగా పక్కింటి కోటమ్మ దగ్గరికి వెళ్లింది.

"పిన్నీ, మొదటి ముద్ద నీ చేత్తో పెట్టు. నేను లేకపోయినా ఇది తినాలి," అంది.

మనం తప్ప ఇంకో దిక్కు లేకుండా చేసుకోవడం ప్రేమ కాదు. మనం లేని రోజున కూడా వాళ్లు బతకగలిగేలా చూడడమే ప్రేమ.