శేషారత్నం వేసిన అతుకు

విరూపాక్షయ్యగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కారు. కళ్ళజోడు తీసి కండువా కొసతో నింపాదిగా తుడుచుకొనేవారు. ఆ తుడుపు పూర్తయ్యేలోగా అడిగినవాళ్ళే సిగ్గుపడి ప్రశ్నను వెనక్కి తీసుకొన్న రోజులూ ఉన్నాయి. మార్కాపురంలో ఆయన ఇంటి వసారాలో ప్రతి ఆదివారం ఉదయం ఉపనిషత్తు చెప్పించుకొనే పదిమందిలో నేనూ ఒకణ్ణి. ఆ రోజు అడిగింది దమయంతి. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తండ్రి పోయి అప్పటికి నెల కాలేదు.

"గురువుగారూ, కంటికి కనబడనిదాన్ని, చేతికి అందనిదాన్ని శ్రద్ధగా నమ్మాలంటారు మీరు. ఎలాగండీ? నమ్మినట్టు నటించడం నాకు చేతకాదు" అంది. వాదానికి అడగడం లేదని ఆమె గొంతే చెప్పింది. ఆ పూట ఆయన కళ్ళజోడు తీయలేదు. శ్లోకమూ చెప్పలేదు. చాలా ఏళ్ళ కిందటి సంగతి ఒకటి చెప్పారు.

అప్పటికి ఆయనకు నలభై రెండేళ్ళు. ఊరూరా తిరిగి వేదాంతం మీద ఉపన్యాసాలిస్తూ, కాస్త పేరూ, ఆ పేరుకు తగినంత గర్వమూ సంపాదించుకొన్నారు. ఆయన స్నేహితుడు కోటిలింగం సర్వే శాఖలో పనిచేసేవాడు. ఇద్దరూ మరో ఇద్దరిని కలుపుకొని హిమాలయాల్లో ఒక కనుమ దాకా నడిచివెళ్ళి, అక్కణ్ణుంచి కనిపించే, దేవుడి నెలవని చెప్పుకొనే శిఖరాన్ని దర్శించి రావాలని అనుకొన్నారు. శిఖరం పేరు గురువుగారు మాకు చెప్పలేదు. కోటిలింగం దగ్గర నలుగురు పడుకోగల నైలాను డేరా ఒకటి ఉంది. అంతకుముందు సంవత్సరం ఆ కొండల్లోనే, గాలికి దాని వెన్ను దగ్గర జానెడు మేర చిరిగింది. బయలుదేరడానికి పది రోజులుందనగా కోటిలింగం దాన్ని అటక మీదినుంచి దించి అక్క ముందు పెట్టాడు.

ఆమె పేరు శేషారత్నం. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేతులమీద జరుగుతూ ఇల్లంతా తిరిగేది. చేత్తో తిప్పే మిషను మీద వీధిలోవాళ్ళకు రవికెలు కుట్టేది. ఒంగోలు దాటి ఎరగదు. మంచు అనేది ఆమెకు తెల్లవారుజామున గడ్డి మీద కనిపించేదే.

ఆమె ఆ డేరాను పనిగా కాక రోగిగా చూసింది. మొదటి రోజు కుంకుడు రసంలో ఉతికించి నీడన ఆరవేయించింది. రెండో రోజు పెరట్లో తాళ్ళకు కట్టించి, మిట్టమధ్యాహ్నం తాను లోపలికి జరిగి వెల్లకిలా పడుకొంది. ఎండ లోపలికి దిగిన ప్రతి సూదిబెజ్జం చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టింది. అలాంటివి ముప్పై పైన తేలాయి. కోటిలింగానికి తెలిసింది ఆ ఒక్క చిరుగే. ఆ బెజ్జాలన్నిటినీ జిగురు చుక్కలతో మూసి, అప్పుడు చిరుగు దగ్గరికి వచ్చింది. అతుకు వేయడానికి బజారుగుడ్డ పనికిరాదని, డేరాను మడిచిపెట్టే సంచినే కత్తిరించింది. "ఒక తానులో పుట్టిన గుడ్డ. ఒకేలా సాగుతుంది, ఒకేలా ముడుచుకొంటుంది" అంది. అతుకు మూలలు గుండ్రంగా కోసింది, మొన ఉంటే అక్కణ్ణుంచే లేస్తుందని. జిగురు రాసి, పైన రాతిపలకలు పేర్చి, ఒక పగలూ ఒక రాత్రీ కదలనివ్వలేదు. తరువాత చుట్టూ కుట్టి, ఆ సూది చేసిన ఒక్కొక్క రంధ్రం మీదా అగ్గిపుల్లతో మళ్ళీ జిగురు చుక్క పెట్టింది.

ప్రయాణం రేపనగా విరూపాక్షయ్యగారు డేరా తీసుకుపోదామని వచ్చారు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది గాని ఇవ్వలేదు.

"విరూపాక్షం, అక్కడ గాలి ఎట్లా ఉంటుంది?"

"పెద్ద గాలి, అక్కయ్యా."

"పెద్దదంటే? నెడుతుందా, లాగుతుందా?"

అంతకు ముందు రెండుసార్లు ఆయన ఆ కొండల్లో నడిచారు. ఆ గాలి గురించి సభల్లో వర్ణించి చప్పట్లు కూడా కొట్టించుకొన్నారు. అది నెట్టిందో లాగిందో మాత్రం తెలియదు. కోటిలింగం గోడకు ఆనుకొని కళ్ళు మూసుకొన్నాడు. "ముందు నెడుతుంది అక్కా. ఆగినట్టే ఆగి, వెనక్కి లాగుతుంది. చిరిగింది లాగినప్పుడే" అన్నాడు.

ఆమె కత్తెర తీసుకొని తాను కుట్టిన కుట్టు విప్పడం మొదలుపెట్టింది.

"అక్కయ్యా, పొద్దున్నే బండి! ఇంత చేశావు, ఇక చాల్లే" అన్నారు విరూపాక్షయ్యగారు విసుగ్గా.

"నేను కుట్టింది నెట్టే గాలికి, నాయనా" అంది తల ఎత్తకుండా. లోపలివైపు కూడా అంతే అతుకు వేసి, రెంటినీ కలిపి మళ్ళీ కుట్టి, సూది రంధ్రాలకు జిగురు పెట్టింది. పొద్దుగూకే వేళకు పెరట్లో డేరా కట్టించి, లోపల తాను కూర్చుని, పైన పదహారు బిందెల నీళ్ళు పోయించింది. తడవని తలతో బయటికి వచ్చి, "ఇక తీసుకుపోండి" అంది. దేవుణ్ణి చూడబోయే ప్రయాణంలో ఇంత చాదస్తమా అని ఆయన మనసులో నవ్వుకొన్నారట.

కనుమ కింద డేరా వేసిన రోజు మధ్యాహ్నం రెండు గంటలకే కొండ నల్లబడింది. గాలి వచ్చింది. దూరాన రైలు వంతెన దాటుతున్నట్టు మొదట చప్పుడు, తరువాత దెబ్బ. పక్కనున్న కొత్త డేరా ఒక్క ఊపుకు నిట్టనిలువునా చీలి, కాగితంలా లోయలోకి ఎగిరిపోయింది. అందులోని ముగ్గురు, నాసిక్ నుంచి వచ్చిన దంపతులూ వాళ్ళ కూలీ, మంచులో పాకుతూ వచ్చి వీళ్ళ డేరాలో దూరారు. నలుగురి చోట ఏడుగురు. ఆ భార్య కాళ్ళకు స్పర్శ లేదు. భర్త వాటిని తన పొట్టకు ఆనించుకొని ఏడుస్తున్నాడు. ఈ గుడ్డ కూడా పోతే తెల్లారేసరికి ఎవరూ మిగలరని కూలీ వచ్చీరాని హిందీలో ముందే చెప్పేశాడు.

గాలి నెట్టింది. డేరా వాళ్ళ వీపుల మీదికి వంగింది. ఆగినట్టే ఆగింది. అప్పుడు లాగింది. ఏడుగురూ ఒక్కసారి తలెత్తి అతుకు వంక చూశారు. అది ఊపిరి పీల్చిన పొట్టలా బయటికి ఉబ్బి, అక్కడే నిలిచి, మళ్ళీ లోపలికి వచ్చింది. కంపెనీ కుట్లలోంచి నీళ్ళు కారాయి. అతుకు దగ్గర చుక్క దిగలేదు. అలా ఒక గంట కాదు, రెండు పగళ్ళు, రెండు రాత్రులు. నెట్టడం, ఆగడం, లాగడం. మార్కాపురంలో గోడకు ఆనుకొని కోటిలింగం ఏ వరసలో చెప్పాడో అదే వరస.

రెండో రోజు విరూపాక్షయ్యగారు లేచి ఆ అతుకు మీద అరచెయ్యి ఆనించారు. అవతల కొండంత గాలి. ఇవతల ఆయన చెయ్యి. మధ్యన ఒక రవికెల మనిషి కుట్టు. చెయ్యి తీయలేకపోయానని చెప్పారు. ఆ చెప్పేటప్పుడు కూడా ఆయన అరచెయ్యి గాలిలో అలాగే నిలిచి ఉంది. "ఇంతకాలం మంత్రాలు చదివిన నోటికి ఆ వేళ ఒక్కటీ గుర్తురాలేదు. అక్కయ్యా, అక్కయ్యా అనే అన్నాను" అన్నారు.

మూడోనాడు గాలి తగ్గాక అందరూ ప్రాణాలతో కిందికి దిగారు. నాసిక్ ఆవిడ కాళ్ళూ దక్కాయి.

ఊరు చేరగానే ఆయన ఇంటికి పోకుండా తిన్నగా శేషారత్నం దగ్గరికి వెళ్ళి, ఆమె ఎంత వద్దంటున్నా నేలకు వంగి దణ్ణం పెట్టారు. ఆమె కంగారుపడి ఆయన భుజాలు పట్టి లేపింది. "లాగిందా?" అని అడిగింది.

"లాగింది అక్కయ్యా."

"ఊఁ" అంది. అంతే. డేరా దగ్గరికి లాక్కొని, తడి ఎక్కడైనా మిగిలిందేమోనని మడత మడతా విప్పి చూసుకోసాగింది.

గురువుగారు చెప్పడం ఆపారు. దమయంతి కళ్ళు తుడుచుకొంది. "ఆవిడ ఆ తరువాతైనా ఆ కొండను చూడగలిగారాండీ?" అని అడిగింది.

"లేదమ్మా. పోయి ఆరేళ్ళయింది."

"మీరంతా వెళ్ళి చూసివచ్చారు. పాపం, ఆవిడకే ఆ భాగ్యం లేకపోయింది."

విరూపాక్షయ్యగారు ఆమె వైపు ఆశ్చర్యంగా చూశారు.

"మేం చూశామని ఎవరన్నారమ్మా? మబ్బు విడలేదు. మేం చూసింది ఆ అతుకునే."