రేకులు లెక్కపెట్టిన తంగేడు

దేవుడు తెలివి పంచిన రోజున ముందు వరుసలో నిలబడింది తామేనని ఓదేలుకూ, అతని తమ్ముళ్ళు ఐలయ్య, కొంరయ్యలకూ గట్టి నమ్మకం. ఆ వరుస ఎటువైపు ఉండిందని అడిగితే మాత్రం ముగ్గురూ మూడు వైపులు చూపించేవారు.

ఓదేలు భార్య సత్తెవ్వ ఏటా బతుకమ్మ పండుగకు పుట్టింటికి పోయేది. ఈసారి పూలు మేం తెస్తామని ముగ్గురూ పట్టుబట్టేసరికి, పాపం, నమ్మి ఉండిపోయింది. సాయంత్రానికి బతుకమ్మ పేర్చకపోతే వాడకట్టు ఆడవాళ్ళ ముందు తలెత్తుకోలేదు. అందుకే తంగేడు గుర్తులు విడమరిచి చెప్పింది.

"పచ్చగ కనవడ్డదల్ల తేకుండ్రి. రేకులు లెక్కవెట్టుండ్రి, అయిదుంటయి. ఆకులు ఈనెకు అటొకటి ఇటొకటి జంటగుంటయి. కాయ చదునుగుంటది. అయిదు రేకులు లేని పువ్వు నా ఇంట్ల ఉండొద్దు!"

"గింత తెలివైనోళ్ళకు గన్ని మాటలెందుకు వదినే?" అన్నాడు కొంరయ్య.

గుట్ట కింద తంగేడు విరగబూసి ఉంది. ఓదేలు ఒక పువ్వు కోసి, లెక్క తప్పకుండా ఒక్కో రేకూ పీకాడు. అయిదు! ఇంకేముంది, ముగ్గురూ గంతులేశారు.

"మరి పక్క పువ్వో? దీని మాట నమ్మి దాన్నెట్ల తీస్కపోతం?" అన్నాడు ఐలయ్య.

నిజమే కదా అని దాన్నీ పీకారు. అంతే, ఒక్క పువ్వు మిగల్లేదు.

తర్వాత ఆకులు. ఒకచోట జంటలో ఒకదాన్ని పురుగు తినేసింది. ఒంటిగా మిగిలినదాన్ని తెంపబోతే పక్క జంటలోది ఊడొచ్చింది. దాని జోడీని తెంపబోతే ఇంకోటి. అలా సరిచేసీ సరిచేసీ కొమ్మలన్నీ బోడి చేశారు. కాయలు గింజల దగ్గర కాస్త ఉబ్బి ఉంటే కొంరయ్య వాటిమీద కూర్చుని చదును చేశాడు.

పీకిన రేకులన్నీ మూటగట్టి, ఇంటికొచ్చి విప్పేసరికి సత్తెవ్వకు ఏడుపు ఆగలేదు.

"పూలేవి?"

"గివే. ఒక్కదాంట్ల గూడ లెక్క తప్పలే!" అన్నాడు ఓదేలు.

ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తాంబాళంలో ఆ రేకులనే గోపురంలా పేర్చింది. పైన గౌరమ్మ కోసం పొద్దున తానే కోసి దాచుకున్న గుమ్మడిపువ్వు పెట్టింది. ఎంత ముద్దుగా ఉందో! మురిసిపోయి, కొత్త చీర కట్టుకోవడానికి లోపలికి పోయింది.

తిరిగొచ్చేసరికి తాంబాళం ఖాళీ. వాకిలి నిండా అయిదేసి రేకుల చిన్న చిన్న కుప్పలు.

"నా గుమ్మడిపువ్వేది?" అని కేక పెట్టింది.

"అది పెద్ద దొంగది వదినే! ఎంత గుంజినా రేకులు ఇడివడలే, అంత కలిపి ఒక్కటే!" అన్నాడు ఐలయ్య. "అయిదు లేనిది ఇంట్ల ఉండొద్దంటివి గద, మేకకేసినం."

"దాని కింద ఇంకెన్ని దొంగపూలు దాసుకున్నయోనని అన్నీ మళ్ళ లెక్కవెట్టినం," అన్నాడు కొంరయ్య.

వీధిలో అప్పుడే పాట మొదలైంది. ఓదేలు ఖాళీ తాంబాళాన్ని భార్య చేతుల్లో భద్రంగా పెట్టాడు.

"ఇగ నిమ్మలంగ పోయి ఆడుకో. మేముంటిమి గాబట్టి సరిపాయె. ఆ దొంగపువ్వుతోని పోతే అందరి ముందట నీ ఇజ్జత్ పోతుండె!"