వెలగని చిచ్చుబుడ్డి

ఆ చిచ్చుబుడ్డి నాసిరకం కాదు. ఈ ఒక్క మాట హైమ మూడేళ్లుగా ఎవరితోనూ పైకి అనలేదు.

ఆ దీపావళికి అది చిటపటమని ఆగిపోయింది. ఆరిపోయిందేమోనని హైమ దాని మీదికి వంగి చూసింది. అప్పుడే అది నిప్పులు చిమ్ముతూ లేచింది. గెడ్డం కింద కాలి, రూపాయి బిళ్లంత మచ్చ మిగిలింది.

"నూకరాజు చచ్చు సరుకు అంటగట్టాడు" అన్నారు ఇంట్లోవాళ్లు. నూకరాజు ఆమె మేనత్త కొడుకు. లైసెన్సు తీసుకుని ఏటా హైస్కూలు మైదానంలో టపాకాయల కొట్టు పెట్టేవాడు. హైమ నాన్న వెళ్లి నలుగురిలో అతన్ని కడిగేసి వచ్చాడు. మంచం మీద పడుకుని, అత్త పంపిన కొబ్బరినీళ్లు తాగుతూ, హైమ నోరు మెదపలేదు. మరుసటి ఏటి నుంచి బావ కొట్టు పెట్టలేదు.

ఏదైనా ఫోనులో చూసి తనంతట తానే నేర్చేసుకునే పిల్ల హైమ. కుట్టుపని అలాగే వచ్చింది, మోటారు రిపేరూ అలాగే వచ్చింది. ఎక్కడా కాలు నిలవదు. అలాంటిది, నిరుడు సత్యానందం మేస్త్రి గుమ్మంలోకి వెళ్లి, "నాకు పని నేర్పండి" అని కూర్చుంది.

మేస్త్రి నలభై ఏళ్లుగా ఉత్సవాలకి బాణాసంచా కాలుస్తున్నాడు. పదివేళ్లూ ఉన్నాయి. ఆ పనిలో అంతకుమించిన బిరుదు లేదు. ఏడాది పొడుగునా హైమ చేతికి ఆయన ఇచ్చింది రెండు బకెట్లు. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో ఇసుక.

"ఎన్నాళ్లండీ ఈ మోత? ఏ రాకెట్టు ఎంత ఎత్తు లేస్తుందో లెక్కకట్టి చెప్పేస్తాను," అందొకరోజు ఉక్రోషంగా.

"అలాగా? వెలగంది ఎప్పుడు వెలుగుద్దో చెప్పు మరి."

హైమ మూతి ముడుచుకుని బకెట్లు అందుకుంది.

"నీళ్లు తొణక్కుండా తీసుకురా తల్లీ," అన్నాడాయన.

ఈ దీపావళికి పక్క ఊరి క్లబ్బువాళ్లు పిలిచారు. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా పోలీసుల అనుమతి. జనమంతా తాడు అవతలికి వెళ్లాక, మేస్త్రి మొదటిసారిగా పొడుగు కర్రకి కట్టిన అగరవత్తి హైమ చేతిలో పెట్టాడు.

రెండు చిచ్చుబుడ్లు కొబ్బరిచెట్టంత ఎత్తు లేచాయి. మూడోది చిటపటమని ఆగిపోయింది.

"తుస్సుమంది రోయ్!"

"ఊదవే పిల్లా, కట్టెల పొయ్యి ఊదినట్టు!"

తాడు అవతలి నుంచి ఈలలు. హైమకి చెవులు వేడెక్కాయి. ఒక అడుగు ముందుకు వేసింది.

మేస్త్రి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అరవలేదు. తాడు దాకా వెనక్కి నడిపించుకొచ్చి, భుజం మీది తువ్వాలు నేల మీద పరిచి కూర్చున్నాడు. జేబులోంచి వేరుశెనక్కాయలు తీసి ఆమె ఒళ్లో పోశాడు.

"ఒలువు."

ఇద్దరూ ఒలుచుకుని తింటున్నారు. జనం గోల పెడుతున్నారు. క్లబ్బు సెక్రటరీ పరుగున వచ్చాడు.

"మేస్త్రీ, పదింటికి ఆపెయ్యాలి! గుర్తుందా?"

"ఆపేద్దాం బాబూ. ఓ రెండు కాయలు తిను."

కాయలు అయిపోయేసరికి అరగంట పట్టింది. అప్పుడు మేస్త్రి లేచి, పొడుగు కర్రకి కట్టిన డబ్బాతో నీళ్లు ముంచి, దూరం నుంచే చిచ్చుబుడ్డి మీద పోశాడు.

చుయ్‌మంది. సన్నగా పొగ లేచింది.

హైమ చెయ్యి దానంతట అదే గెడ్డం కిందికి పోయింది. మేస్త్రి అది చూశాడు.

"ఆ రోజు మీదికి వొంగావు కదూ?" అన్నాడు మెల్లగా, ఆమెకి మాత్రమే వినబడేలా.

హైమ మచ్చ మీంచి చెయ్యి తీసేసింది.

"సరుకు చెడిపోయి పేలితే ముట్టించిన చెయ్యి కాలుద్ది. గెడ్డం కింద కాలిందంటే మనిషి వొంగినట్టే."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నువ్వు నా గుమ్మంలో కూర్చున్న రోజే."

"మరి ఏడాదిగా ఒక్కసారీ అడగలేదేం?"

మేస్త్రి ఇంకో డబ్బా నీళ్లు ముంచి పోశాడు. ఈసారి చప్పుడు లేదు, పొగ లేదు.

"లోపల రాజుతున్నదాని దగ్గరికి తొందరపడి వెళ్లకూడదమ్మా," అన్నాడు.

తాడు అవతల జనం చప్పట్లు మొదలెట్టారు, తర్వాతి చిచ్చుబుడ్డి వెలిగించమని. హైమ అగరవత్తి కర్రని ఆయన చేతికి తిరిగి ఇచ్చేసింది.

"మీరు వెలిగిస్తూ ఉండండి మేస్త్రిగారూ. నేను మా బావకి ఒక ఫోను చేసుకోవాలి."

"చేసుకో తల్లీ," అన్నాడాయన. "మందుసామాను దగ్గర కాదు. అదిగో, ఆ దూరంగా పోయి."