కొర్లమ్మ మోసిన రాళ్లు

అనగనగా, సముద్రం ఇంకా ఒడ్డుకి ఎడంగా కూర్చుని మర్యాదగా మాట్లాడే రోజుల్లో, గవ్వలపేట అని ఒక ఊరు. ఈ కథ చెప్పేవాడికి ఈత రాదు. అందుకే సముద్రం గురించి ఇంత ధైర్యంగా చెబుతాడు.

ఆ ఊళ్లో కొర్లమ్మ అని ఒక ఒంటరి మనిషి, చేపలు ఎండబెట్టుకుని బతికేది. ఒక ఏడాది సముద్రం వచ్చి చేపలారేసే దిబ్బ తినేసింది. మరో ఏడాది పడవలు నిలిపే చోటు తినేసింది. మూడో ఏడాది కొర్లమ్మ పొయ్యి మీద పులుసు ఉడుకుతుండగానే పొయ్యితో సహా పట్టుకుపోయింది. పులుసులో ఉప్పు చాల్లేదనుకుందో ఏమో!

"రాళ్లు మోయండి, సముద్రంలోకి కట్ట కడదాం," అన్నాడు కులపెద్ద దానయ్య.

మోశారు. అందరికన్నా ఎక్కువ మోసింది కొర్లమ్మ. కట్ట పక్కన ఇసక చేరింది, ఒడ్డు పెరిగింది, ఊరు గంతులేసింది. ఆ ఇసక ఎవరిదని ఎవరూ అడగలేదు. కొర్లమ్మా అడగలేదు.

వానలు వెలిశాక, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, ఉత్తరాన మొగలిపేటలో ఉన్న కూతురు రాజులమ్మని చూడబోయింది. నడిచింది, నడిచింది, నడిచింది. మొగలిపేట రాలేదు. దారి తప్పానేమో అనుకుంది. ఉన్నది ఒక్కటే ఒడ్డు, తప్పేదెక్కడ? ఎదురుగా నీళ్లు. నీళ్లలో కూతురింటి రుబ్బురోలు. గంప జారిపోయింది.

వెనక మెరక మీద, చిరిగిన తెరచాప కింద, కూతురూ మనవరాలూ ముడుచుకుని ఉన్నారు. వియ్యపురాలు నడుం మీద చెయ్యేసుకుని ఎదురొచ్చింది.

"ఏం వదినా, కూతురికి సారె కింద సముద్రాన్ని పంపావా?"

"నేనా?"

"దక్షిణ గాలికి ఒడ్డెంబడే నడిచి మాకొచ్చే ఇసకని మీ కట్ట ఆపేసింది. ఇసక రాలేదు, సముద్రం వచ్చింది. మిగిలింది ఈ మెరకే. వచ్చే వానలకి ఇదీ పోతుంది."

కొర్లమ్మ పరుగున ఊరికొచ్చి దానయ్య కాళ్ల మీద పడింది. "అన్నా, కట్ట తీసేయించు. నా పిల్ల మునిగిపోతుంది."

"మోసినదానివి నువ్వేగా? నువ్వే మోసుకుపో," అని నవ్వాడు దానయ్య.

మోసుకుపోయింది. పొద్దున ఒక రాయి, మధ్యాహ్నం ఒక రాయి, సందెవేళ ఒక రాయి.

"మా ఒడ్డు కరిగిస్తున్నావే ముసలీ!" అని ఊరు తిట్టింది.

"మీ ఒడ్డు కాదర్రా. మొగలిపేట పోతూ మన గుమ్మంలో ఆగిన చుట్టం. చుట్టాన్ని కట్టేస్తారా?"

వానలు తిరిగొచ్చాయి. ఒక తెల్లారి జనం వెళ్లి చూస్తే కట్టకి గండి. గండిలో ప్రాణం లేని కొర్లమ్మ, గుండెల మీద రాయి. ఆమె పక్కనించే ఇసక సన్నగా ఉత్తరానికి నడిచిపోతోంది. దానయ్యే ముందు వంగి ఆ రాయి ఎత్తాడు. తర్వాత ఊరంతా ఎత్తింది. కట్ట పోయింది. గవ్వలపేట తన గుడిసెలు విప్పుకుని మొగలి పొదల వెనక్కి జరిగింది. రాజులమ్మ మెరక నిలిచింది.

ఇప్పటికీ ఆ తీరంలో, ఒడ్డున రాళ్లు వెయ్యాలంటే ముందు ఒక రాయి ఉత్తరపు ఊరికి మోసుకెళ్లి, ఎవరిదో ఒక గడప ముందు పెట్టి, "వేసుకోమంటారా?" అని అడుగుతారట. ఆ ఇంటివాళ్లు సరేనంటే మంచినీళ్లిచ్చి రాయిని తిరిగి నెత్తికెత్తుతారు. వద్దంటే రాయి అక్కడే ఉంచేసుకుంటారు. ఆ ఊళ్లలో చాలా గడపల ముందు అలాంటి రాళ్లున్నాయి. వాటిని కొర్లమ్మ పీటలంటారు. వాటి మీద కూర్చునే వలలు బాగుచేసుకుంటారు.